డమ్మీ పదాలకు ఓ దండం

ఈ వ్యాసం రాయడానికి కారణం ఒక నవ్వు. ఆ నవ్వు నాదే.

పోయిన సెమిస్టర్ చివర్లో మన క్లబ్ తరఫున ఫైనలియర్ అన్నలకీ అక్కలకీ ఫేర్‌వెల్ ఇచ్చాం కదా. ఎవరో పాడేసిన పాటని కరావొకే పెట్టి పాడటం కాకుండా, ఈసారి మనమే ఒక తెలుగు పాట కట్టాలని మీటింగ్‌లో అనుకున్నారు. రాసే పని నా మీద పడింది. బాణీ కట్టే పని మా రూమ్మేట్‌కి, ఎందుకంటే మా వింగ్ మొత్తంలో గిటార్ ఉన్నది వాడి దగ్గరే.

నా సంగతి ముందే చెప్పేస్తాను. నేను ఎల్‌కేజీ నుంచి ఇంగ్లిష్ మీడియం. తెలుగు అంటే ఇంట్లో మాట్లాడేది, పరీక్షలో పాసవ్వాల్సింది. పాటలో రాసే తెలుగు ఇంకేదో ఉంటుందనీ, అది నాకు రాదనీ నా భయం. అందుకే నోట్‌బుక్ తీసి, బాగా ‘సాహిత్యం’లా అనిపించే మాటలన్నీ ఏరుకొచ్చి పెట్టడం మొదలుపెట్టాను. ఐదు రోజుల్లో పదకొండు మొదటి లైన్లు రాశాను. పదకొండూ కొట్టేశాను. అన్నిట్లోనూ జ్ఞాపకాలు ఉన్నాయి, రెక్కలు ఉన్నాయి, దూరంగా ఒక గమ్యం ఉంది. మనుషులు మాత్రం లేరు.

ఆరో రోజు రాత్రి మావాడు మంచం మీద పడుకుని గిటార్ మీటుతూ ఒక ట్యూన్ హమ్ చేస్తున్నాడు. ట్యూన్ బాగుంది. మాటలే, ఇదిగో ఇలా ఉన్నాయి:

ఇడ్లికో చట్నికో చాయికో బిల్లుకో...

నేను పగలబడి నవ్వాను. “ఇదేం పాట్రా, మెస్ మెనూనా?” అన్నాను. అక్కడితో ఆగినా బాగుండేది. పక్క రూమ్‌వాళ్లకి కూడా చెప్పాను. పొద్దున టిఫిన్ లైన్లో పదిమంది ప్లేట్ల మీద చెంచాలతో తాళం వేస్తూ అదే పాట అందుకున్నారు. మావాడు కూడా నవ్వాడు. కానీ ఆ సాయంత్రం గిటార్‌ని కవర్లో పెట్టి జిప్ వేసేశాడు. వారం దాకా తియ్యలేదు.

ఆ వారంలో నాకు రెండు పనులు మిగిలాయి. ఒకటి, గిల్టీగా ఫీలవ్వడం. రెండోది, అసలు పాటలు కట్టేవాళ్లు ఎలా మొదలుపెడతారో వెతకడం. నిజం చెప్పాలంటే నా నవ్వులో తప్పులేదని తేల్చుకుందామనే వెతికాను. తేలింది వేరే.

గుడ్ల పాట

బీటిల్స్ పేరు వినే ఉంటారు. వాళ్లలో పాల్ మెకార్ట్నీకి ఒకరోజు పొద్దున నిద్ర లేచేసరికి ఒక ట్యూన్ మొత్తం తలలో తిరుగుతూ ఉందట. కలలో వచ్చింది. మంచం పక్కనే పియానో ఉంటే దాని మీద వాయించి చూసుకున్నాడు. ఇంత తేలిగ్గా వచ్చిందంటే ఇది కచ్చితంగా ఎవరి పాటో అయ్యుంటుంది, నేనెప్పుడో విని మర్చిపోయుంటాను అని అనుమానం. కనిపించిన వాళ్లందరికీ వినిపించి, “ఇది మీరెక్కడైనా విన్నారా?” అని వారాల తరబడి అడిగాడు. ఎవరూ వినలేదన్నాకే అది తనదని నమ్మాడు.

ఇక్కడిదాకా అందరికీ నచ్చే కథ. కలలో పాట రావడం, ఆహా! కానీ కలలో వచ్చింది ట్యూన్ ఒక్కటే, మాటలు రాలేదు. ట్యూన్ మర్చిపోకుండా ఉండటానికి మొదటి ముక్క దగ్గర నోటికొచ్చిన మాట ఒకటి పెట్టుకున్నాడు: ‘స్క్రాంబుల్డ్ ఎగ్స్’. మన భాషలో చెప్పాలంటే ఎగ్ బుర్జీ. నెలల తరబడి ఆ పాట బుర్జీ పాటగానే ఉంది. ఆ తర్వాత ఎప్పుడో ఆ చోటులో ‘యెస్టర్‌డే’ అనే మాట వచ్చి కూర్చుంది. 1965లో ‘హెల్ప్!’ ఆల్బమ్‌లో వచ్చిన ఆ పాటని ఈ అరవై ఏళ్లలో ఎంతమంది మళ్లీ పాడుకున్నారో లెక్కపెట్టడం కష్టం.

ఇప్పుడు ఆ రెండు మాటల్నీ పక్కపక్కన పెట్టి పలికి చూడండి. స్క్రాం-బుల్డ్-ఎగ్స్. యెస్-టర్-డే. రెండిట్లోనూ మూడే దెబ్బలు. అంటే ఆ గుడ్లు వట్టి జోక్ కాదు. అసలు మాట వచ్చేదాకా దాని సీటు వేరేవాళ్లు ఎత్తుకుపోకుండా వేసిన కర్చీఫ్. బస్సులో కిటికీలోంచి కర్చీఫ్ వేసి సీటు ఆపడం మనకి కొత్తేం కాదుగా!

కాలీఫ్లవర్ సలహా

అదే గ్రూపులో జార్జ్ హారిసన్‌ది ఇంకో కథ. 1969 జనవరిలో బీటిల్స్ రిహార్సల్స్‌ని గంటల కొద్దీ షూట్ చేశారు. ఆ ఫుటేజ్‌తో పీటర్ జాక్సన్ 2021లో ‘గెట్ బ్యాక్’ అనే డాక్యుమెంటరీ తీశాడు. అందులో జార్జ్ ‘సంథింగ్’ అనే పాట కట్టుకుంటూ రెండో లైన్లో ఒక పోలిక దగ్గర ఆగిపోతాడు. ఎవరిలాగా, దేనిలాగా అనేది తేలట్లేదు. అప్పుడు జాన్ లెనన్ ఇచ్చిన సలహా ఏంటంటే, ఆ చోటికి వచ్చిన ప్రతిసారీ నోటికేదొస్తే అది అనేసెయ్, ‘కాలీఫ్లవర్’ అను, అసలు మాట దొరికేదాకా అలాగే పాడు అని. జార్జ్ నిజంగానే కాలీఫ్లవర్ అని పాడతాడు. కాసేపటికి దానిమ్మపండు అని కూడా పాడతాడు. అదే ఏడాది ‘అబ్బే రోడ్’ ఆల్బమ్‌లో వచ్చిన పాటలో కాలీఫ్లవరూ లేదు, దానిమ్మా లేదు. ప్రపంచంలో గొప్ప ప్రేమపాటల లిస్టు ఎవరు రాసినా అందులో ఆ పాట ఉంటుంది.

అదే డాక్యుమెంటరీలో ఇంకో సీన్ ఉంది. లెనన్ ఇంకా రాలేదు. పాల్ కూర్చుని బాస్ గిటార్‌ని ఊరికే గీకుతూ ఉంటాడు. జార్జ్ ఆవలిస్తాడు. పాల్ నోట్లో మాటలు లేవు, వట్టి అరుపులు, మూలుగులు. చూస్తూ చూస్తూ ఉండగానే రెండు మూడు నిమిషాల్లో ఆ గీకుడులోంచి ‘గెట్ బ్యాక్’ పాట ఆకారం పైకొస్తుంది. నేను ఆ సీన్ నాలుగుసార్లు చూశాను. నాలుగోసారి చూసింది పాల్‌ని కాదు, పక్కన కూర్చున్న వాళ్లని. ఒక్కడూ నవ్వలేదు. ఆవలించినా సరే, అక్కడే కూర్చున్నారు. కాసేపటికి జార్జ్ తన గిటార్ అందుకుని అందులో కలిశాడు.

సిట్టింగ్‌లో ఏం జరుగుతుంది?

వాళ్లెక్కడో ఇంగ్లండ్‌లో, మనకెందుకు అంటారా? మన సినిమా పాటల్లో ఈ కర్చీఫ్ వేయడం పద్ధతి ప్రకారం జరిగే పని. దాని పేరే డమ్మీ లిరిక్స్.

ముందు దర్శకుడు ‘సందర్భం’ చెప్తాడు. ఎవరు పాడుతున్నారు, ఎవరికోసం, ఈ పాటకి ముందు ఏం జరిగింది, తర్వాత ఏం జరగాలి. సంగీత దర్శకుడు హార్మోనియమో కీబోర్డో ముందు పెట్టుకుని ట్యూన్లు వినిపిస్తాడు. దీన్నే సిట్టింగ్ అంటారు. ట్యూన్ పాడాలంటే నోట్లో ఏదో ఒక శబ్దం ఉండాలి కాబట్టి ‘తననా’, ‘లలలా’, లేకపోతే అర్థం లేని మాటలు పడతాయి. ఒక ట్యూన్ ఓకే అయితే దాన్ని రికార్డు చేసి పాటల రచయితకి ఇస్తారు. ఒకప్పుడు క్యాసెట్, ఇప్పుడు ఫోన్‌లో ఫైల్. రచయిత ఆ తననాల మీద మాటలు కూర్చుతాడు. చాలాసార్లు ఒక్క పల్లవి కాదు, నాలుగైదు రాసి తీసుకెళ్తాడు. అందులో ఒకటి నిలుస్తుంది. తర్వాత ట్రాక్ సింగర్ పాడతారు, వాద్యాలు చేరతాయి, అసలు గాయకులు వస్తారు. మనం వినేది ఇవన్నీ అయ్యాక మిగిలినది.

‘నాటు నాటు’ సంగతే చూడండి. 2022లో వచ్చిన ‘ఆర్‌ఆర్‌ఆర్’ కోసం కీరవాణి కట్టి, చంద్రబోస్ రాసిన పాట. 2023 మార్చిలో ఆస్కార్ తెచ్చింది. సందర్భం ఒక్క ముక్కలో చెప్పొచ్చు: దొరల పార్టీలో అవమానం ఎదురైతే ఇద్దరు కుర్రాళ్లు తమ ఊరి డాన్సుతో జవాబు చెప్పాలి. కీరవాణి దానికి ఎంచుకున్నది 6/8 నడక, మన జానపదాల్లో కాళ్లకి అలవాటైన ఊపు. చంద్రబోస్ ఇంటర్వ్యూల్లో చెప్పిన లెక్క వింటే నాకు మతిపోయింది. పాటలో తొంభై శాతం సగం రోజులో అయిపోయిందట. మిగిలిన పది శాతానికి పంతొమ్మిది నెలలు పట్టిందట.

మనమేమో మొదటి సగం రోజు గురించే మాట్లాడుకుంటాం. ‘ఐడియా ఎలా వచ్చింది సార్?’ అని అదే అడుగుతాం. ఆ పంతొమ్మిది నెలల్లో మిగిలిన చోట్లని ఖాళీగా ఎలా ఉంచగలిగారు, ఏదో ఒకటి పెట్టేసి చేతులు దులుపుకోకుండా ఎలా ఉన్నారు అనేది ఎవరూ అడగరు. నాకు మాత్రం ఇప్పుడు అదే అసలు ప్రశ్నలా అనిపిస్తోంది.

మాటలు ముందా, బాణీ ముందా?

అన్నిసార్లూ ట్యూనే ముందు రావాలని రూలేం లేదు. ‘శంకరాభరణం’ (1980)కి, ‘సిరివెన్నెల’ (1986)కి సంగీతం ఇచ్చిన కె.వి. మహదేవన్ గారు ఎక్కువగా ముందు పాట రాయించుకుని, ఆ మాటల నడకని బట్టి బాణీ కట్టేవారని పేరు. ఆయన మాతృభాష తెలుగు కాదు, తమిళం. ఆయనకి తోడుగా పుహళేంది ఉండేవారు. తెలుగు తన ఇంటి భాష కాకపోయినా తెలుగు మాట ఎక్కడ ఆగాలి, ఎక్కడ సాగాలి అన్నది చెవితో పట్టుకున్నారు. ఇంగ్లిష్ మీడియం అని సాకు చెప్పుకునే నాకు ఆ సంగతి చదివాక కొంచెం సిగ్గేసింది.

వాద్యాలు చేర్చే దగ్గర కూడా మనిషికో దారి. ఇళయరాజా గారు ఏ వాద్యం ఎక్కడ ఏం వాయించాలో ముందే నొటేషన్‌గా కాగితం మీద రాసి ఇచ్చేస్తారు. వాయించేవాళ్లు అది చూసి వాయిస్తారు. ఏ.ఆర్. రెహమాన్ గారు స్టూడియోలో వాద్యకారుల చేత రకరకాలుగా వాయింపజేసి, అందులోంచి నచ్చిన ముక్కలు ఏరి, పొర మీద పొరగా పాట పేరుస్తారు. మన సాఫ్ట్‌వేర్ ఇంజనీరింగ్ క్లాసులో వాటర్‌ఫాల్, ఎజైల్ అని చెప్తే నిద్రొచ్చింది కానీ, ఇలా చెప్పుంటే మార్కులొచ్చేవి.

ఏ దారిలో వెళ్లినా ఒకటి మాత్రం మారట్లేదు. మొదట చేతికి వచ్చేది పాట కాదు, పాటలో ఒక ముక్క. ట్యూన్ ఉంటే మాట ఉండదు, మాట ఉంటే ట్యూన్ ఉండదు, రెండూ ఉంటే రెండో లైన్ ఉండదు.

ఇడ్లిలో గణితం

ఇప్పుడు మావాడి ఇడ్లి దగ్గరికి వద్దాం. వాడి మాటల్లో అర్థం లేదు, ఒప్పుకుందాం. మరి ఏముంది?

పదో తరగతిలో రెండు మార్కుల కోసం లఘువు, గురువు నేర్చుకున్నాం గుర్తుందా? పొట్టి అక్షరం లఘువు, ఒక మాత్ర. దీర్ఘమైతే గురువు, రెండు మాత్రలు. తర్వాత ద్విత్వమో సంయుక్తమో వస్తే ముందున్న అక్షరం కూడా గురువే. ఆ లెక్కన ‘ఇడ్లికో’ అంటే ఇ-డ్లి-కో: గురువు, లఘువు, గురువు. రెండు, ఒకటి, రెండు. మొత్తం ఐదు. ‘చట్నికో’ ఐదు. ‘చాయికో’ ఐదు. ‘బిల్లుకో’ ఐదు. వరసగా నాలుగు ర-గణాలు! వాడికి ర-గణం అంటే ఏంటో తెలీదు. చేతికి తెలుసు.

మూడు మాత్రల నడకని తిశ్రం అంటారు (తకిట). నాలుగైతే చతురశ్రం (తకధిమి), ఐదైతే ఖండం (తకతకిట), ఏడైతే మిశ్రం (తకిటతకధిమి). మావాడిది ఖండ నడక. ఐదు బేసి సంఖ్య కాబట్టి అది కొంచెం కుంటుతూ, పడబోయి నిలదొక్కుకున్నట్టు ఉంటుంది. వదల్లేక వదిలి వెళ్లేవాళ్ల నడక అలాగే ఉంటుందేమో. నా పదకొండు లైన్లలో ఒక్కదానికీ నడకే లేదు.

సీఎస్‌ఈ వాళ్లకి ఇక్కడొక బోనస్. ఐదు మాత్రల్ని లఘువులు, గురువులతో ఎన్ని రకాలుగా నింపొచ్చు? చివర లఘువు పెడితే ముందు నాలుగు మాత్రలు నింపాలి. చివర గురువు పెడితే ముందు మూడు నింపాలి. ఆ రెండిటినీ కూడితే సరి. అంటే 1, 2, 3, 5, 8... ఐదు మాత్రలకి ఎనిమిది రకాలు, ఎనిమిది మాత్రలకి ముప్ఫై నాలుగు. డైనమిక్ ప్రోగ్రామింగ్ ల్యాబ్‌లో మెట్లు ఎక్కే ప్రాబ్లమ్ చేశాం కదా, ఒక మెట్టు లేదా రెండు మెట్లు అని, అచ్చంగా అదే! ఫిబొనాచీ తన పుస్తకం రాసింది 1202లో. అంతకుముందే మన దగ్గర విరహాంకుడు, ఆ తర్వాత 12వ శతాబ్దంలో హేమచంద్రుడు ఛందస్సు లెక్కల్లో ఈ వరసని చెప్పేశారు. వాళ్లకి కావాల్సింది కుందేళ్ల లెక్క కాదు, పద్యపాదంలో ఎన్ని నడకలు కుదురుతాయన్న లెక్క.

డమ్మీ పదాలు చేసే పని అదే. ఎనిమిది రకాల్లో ఈ ట్యూన్‌కి ఏ రకం కావాలో నోటితో చెప్పేస్తాయి. ఇంకా కొన్ని చెప్తాయి. స్వరం పైకి వెళ్లే చోట ఆ, ఓ లాంటి నోరు తెరుచుకునే అచ్చులుంటే పాడేవాళ్లకి సుఖం. మావాడు ప్రతి ముక్క చివరా ‘కో’ అనే ఎందుకు పెట్టాడంటే, అక్కడ గొంతు సాగాలి. తెలుగులో ఈ సుఖం ఎక్కువే. మన మాటలు చాలావరకు అచ్చుతోనే ముగుస్తాయి కాబట్టి చివర కావాల్సినంత లాగొచ్చు. ఇంగ్లిష్ మాట తెచ్చుకున్నా దాని చివర ఒక అచ్చు తగిలించుకుంటాం. ‘బిల్’ని ‘బిల్లు’ చేసేసరికి ఒక గురువూ ఒక లఘువూ ఎంత చక్కగా కుదిరాయో చూడండి.

ఒక్క లైన్ పాట ఎలా అవుతుంది?

సరే, ఒక ముక్క కుదిరింది. అది పాటెలా అవుతుంది?

నాకు అర్థమైనంతలో, చెప్పిందే చెప్పాలి, కానీ కొంచెం మార్చి చెప్పాలి. అంతా కొత్తగా ఉంటే చెవికి పట్టు దొరకదు. అంతా ఒకేలా ఉంటే చెవి వినడం మానేస్తుంది. దీనికి త్యాగరాజస్వామి (1767–1847) కీర్తనల్ని మించిన పాఠం లేదు. ఒకే లైన్ ముందు సాదాగా వస్తుంది. మళ్లీ అదే లైన్ చిన్న మార్పుతో, మళ్లీ ఇంకో మెలికతో, అలా పెరుగుతూ పెరుగుతూ పోతుంది. వాటిని సంగతులు అంటారు. మాటలు అవే. ప్రతి సంగతికీ ఆ మాటల బరువు మారుతుంది. మొదటిసారి అడిగినట్టున్నది నాలుగోసారికి బతిమాలినట్టు ఉంటుంది.

సినిమా పాటలో ఆ పని పల్లవి, చరణం పంచుకుంటాయి. పల్లవి ఇల్లు. చరణం ఊరెళ్లడం. చరణం కొత్త స్వరాల్లోకి, కొత్త సంగతుల్లోకి తీసుకెళ్లి మళ్లీ పల్లవి గుమ్మంలో దింపాలి. దింపినప్పుడు అదే పల్లవి మనకి మొదటిసారి విన్నట్టు ఉండకూడదు. మధ్యలో వచ్చే వాద్యాల ముక్క, ఇంటర్‌లూడ్, ఆ ప్రయాణానికి దారి వేస్తుంది. ఈ లెక్క తెలిశాక నా పదకొండు లైన్లలో లోపం ఇంకా బాగా కనిపించింది. నేను పదకొండుసార్లు గుమ్మం కట్టాను. ఇల్లు ఎవరిదో ఆలోచించలేదు.

ఐదొందల ఏళ్లు ఆగిన పాటలు

ఇంకొక్క విషయం చెప్పి మా రూమ్‌కి వచ్చేస్తా. అన్నమయ్య (1408–1503) కీర్తనలు రాగిరేకుల మీద చెక్కించారు, అది మనందరికీ తెలుసు. తిరుమల ఆలయంలో అవి ఎంతోకాలం అలాగే ఉండిపోయాయి. ఆ రేకుల మీద ప్రతి పాటకీ రాగం పేరు ఉంది. కానీ ఎలా పాడాలో చెప్పే స్వరాలు లేవు. ఇప్పుడు మనం వినే అన్నమయ్య పాటల్లో చాలావాటికి బాణీలు కట్టింది 20వ శతాబ్దంలో రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ, నేదునూరి కృష్ణమూర్తి, గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్ గార్ల లాంటివాళ్లు.

అంటే రాసినవాడికీ ఈ బాణీ కట్టినవాడికీ మధ్య నాలుగొందల ఏళ్లకి పైనే దూరం. అయినా అవి మనకి ఒకే మనిషి పాడినట్టు వినిపిస్తాయి. సగమే మిగిలిన పాటని పారేయకుండా దాచినందువల్ల రెండో సగానికి ఎవరో ఒకరు వచ్చారు. నేనేమో ఒక సగం పాటకి పన్నెండు గంటలు కూడా టైమివ్వలేదు.

మళ్లీ మా రూమ్‌కి

ఈలోపు ఫేర్‌వెల్ దగ్గరపడింది. భయపడి, పాటలు చేసిపెట్టే ఏఐ యాప్ ఒకటి తెరిచి ‘సీనియర్స్ ఫేర్‌వెల్, తెలుగు, ఎమోషనల్’ అని కొట్టాను. నిమిషం కూడా పట్టలేదు, పూర్తి పాట వచ్చేసింది. గొంతు బాగుంది, వయొలిన్లు ఉన్నాయి. మొదటి లైన్లో జ్ఞాపకాలు, రెండో లైన్లో రెక్కలు. నా నోట్‌బుక్ దానికెవరు చూపించారో! పక్క రూమ్‌లో వినిపిస్తే “బాగుంది రా” అని మళ్లీ ఫోన్లోకి వెళ్లిపోయారు. తప్పు యాప్‌ది కాదు. నేనిచ్చిన మూడు మాటల్లో మా వాళ్లెవరూ లేరు, దానికి మాత్రం ఎక్కణ్నుంచి వస్తారు? ఏం చెప్పాలో నాకే ఇంకా తెలీదు. తెలుసుకునే మధ్యదారిని దాటేసి చివరికి వెళ్లిపోదామనుకున్నాను.

ఆ రాత్రి ఒక కాగితం మీద మావాడి లైన్ రాసి, కింద గురులఘువులు గుర్తులు పెట్టి వాడి మంచం మీద పెట్టాను.

“ఏంట్రా ఇది?”

“నీ ఇడ్లి పక్కా ర-గణం రా.”

“అంటే?”

“అంటే సారీ అని.”

వాడు ఆ కాగితం కాసేపు చూశాడు. గిటార్ జిప్ తీశాడు.

మొదట నేను ‘స్నేహమే జీవితం’ అని రాశాను. పాడి చూశాడు. ఐదు, ఐదు. మాత్రలు సరిపోయాయి. “కుదిరింది కానీ, ఇది ఏ కాలేజీలో ఎవరికైనా పాడొచ్చు రా” అన్నాడు. నిజమే. కొట్టేశాను. అప్పుడు వాడిని అడిగాను, “నీకు ఆ చాయి, బిల్లు అనే మాటలే ఎందుకొచ్చాయి?” అని. వాడికీ తెలీదు. ఇద్దరం ఆలోచిస్తుంటే గుర్తొచ్చింది.

ఫస్టియర్‌లో మొదటి ఇంటర్నల్ మార్కులు వచ్చిన రోజు. ఇద్దరికీ మ్యాథ్స్‌లో ఘోరం. ఇంటికి ఫోన్ చేయాలంటే భయమేసి హాస్టల్ మెట్ల మీద కూర్చుంటే, పేరు కూడా తెలియని ఒక సీనియర్ అన్న వచ్చి గేటు బయట టీ కొట్టుకి తీసుకెళ్లాడు. మార్కుల గురించి ఒక్క మాట అడగలేదు. చాయ్ తాగించాడు, ఇంకోటి తాగించాడు, బిల్లు కట్టేశాడు. మేం జేబులో చెయ్యి పెడితే, “మీ జూనియర్లకి ఇప్పించండి, చాలు” అన్నాడు. ఆ తర్వాత రెండేళ్లు అదే కొట్టు, అదే అన్నలు. ఎవరి బిల్లు ఎవరు కట్టారో ఎవరూ లెక్క రాసుకోలేదు.

పాటలో చెప్పాల్సింది అదేనని అప్పుడు తెలిసింది. మావాడి నోటికి వారం ముందే తెలుసు. పల్లవి ఇలా అయింది:

చాయికీ బిల్లుకీ పేరు లేదెన్నడూ
రేపటీ పొద్దుకీ తోడు లేరెవ్వరూ

‘రేపటి’ని ‘రేపటీ’ అని సాగదీశాం, ట్యూన్‌కి గురువు కావాలి కాబట్టి. తెలుగు సార్ మార్కులు తీసేస్తారేమో కానీ పాట తియ్యదు. ఇడ్లి, చట్నీ కర్చీఫులు తీసుకుని దిగిపోయాయి. చాయి, బిల్లు మాత్రం కూర్చున్న సీట్లోంచి లేవలేదు. అవి అసలు ప్యాసింజర్లేనని మాకు ఆలస్యంగా తెలిసింది. రెండు చరణాలకి ఇంకో నాలుగు రాత్రులు పట్టాయి. వాటిలో ఒక చోట ఇప్పటికీ నాకు నచ్చని మాట ఒకటి ఉంది. దాన్ని ఇంకా వెతుకుతూనే ఉన్నాను.

ఫేర్‌వెల్ రోజు పాట అయ్యాక చప్పట్లు బాగానే పడ్డాయి. ఆ అన్న మాత్రం కొట్టలేదు. తల దించుకుని కూర్చున్నాడు. రాత్రి పదకొండింటికి గేటు బయట అందరం చాయ్ తాగాం. బిల్లు మావాడు కట్టాడు. ఎంతయిందో నాకు చెప్పలేదు.

కాబట్టి మీలో ఎవరి ఫోన్‌లోనైనా సగం ట్యూన్లు, పిచ్చి మాటల వాయిస్ నోట్లు ఉంటే డిలీట్ చేయకండి. మన క్లబ్ గ్రూప్‌లో పెట్టండి. మాటలు కుదరకపోతే ఇడ్లి అనండి, పెసరట్టు అనండి, మాత్రలు నేను లెక్కపెడతాను. నవ్వొస్తే మైక్ మ్యూట్‌లో పెట్టుకుని నవ్వుకుంటాను, ఈసారి పక్క రూమ్‌కి మాత్రం చెప్పను.